గాలి పెట్టెకు మర్యాద

మా ఊరి గాలి చాలా మంచిదని ప్రభుత్వం వారు రాసిచ్చిన కాగితం ఒకటుంది. ఊరి బయట కంకర మిషను ఆఫీసులో, సేటుగారి కుర్చీ వెనక, దేవుడి పటాల పక్కనే దానికి అద్దం కట్టించి పెట్టారు. కంకర కొనడానికి వచ్చేవాళ్లు దాన్ని చూడకుండా లోపలికి పోలేరు. దానికి పది జిరాక్సులు తీసిచ్చింది నేనే. ఊళ్లో ఉన్నది ఒక్క జిరాక్సు మిషను, అదీ నాదే కాబట్టి తప్పలేదు. సేటు డబ్బులిచ్చి ఆ కాగితం పుట్టించాడని ఊళ్లో సగం మంది ఇప్పటికీ అంటారు. పాపం, ఆ ఒక్క విషయంలో ఆయన తప్పేమీ లేదు. ఆ కాగితం పూర్తిగా మా ఇంటివాళ్ల కష్టార్జితం.

మా ఊరు బీదర్ జిల్లాలో, మంగళగి వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది. ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడం, కొట్లాట ముదిరితే ఉర్దూ. ఊరికి పడమట ఒక నల్లరాతి గుట్ట ఉండేది. ఇప్పుడది సగమే మిగిలింది. తక్కిన సగంలో చాలా భాగం హుల్సూర్ దాకా రోడ్లయి పరుచుకుంది. కొంత మా అటకల మీద, కంది చేల ఆకుల మీద, జొన్నరొట్టెల పిండిలో ఉంది. ఇంకొంత మా అమ్మ ఛాతీలో ఉంది.

గుట్టను పగలగొట్టే చోటును మేం ఖదాను అంటాం. అక్కడ మధ్యాహ్నం తూటాలు పేలుస్తారు, రాళ్లు తెచ్చి మిషనులో పోస్తారు, మిషను వాటిని నమిలి కంకరగా ఒకవైపు, దుమ్ముగా అన్నివైపులా ఉమ్మేస్తుంది. కంకరకు గిరాకీ ఉంది. దుమ్ము మాత్రం ఊరందరికీ ఉచితం. సేటు మంచి మనిషి అని చెప్పక తప్పదు. హనుమంతుడి గుడికి కాషాయం రంగు, మా చర్చికి తెల్ల సున్నం తన ఖర్చుతోనే వేయించాడు. ఎండాకాలం దాటేసరికి రెండూ ఒకే రంగుకు వచ్చాయి. మతాల మధ్య ఐకమత్యం కోసం అంత పని ఇంకెవరూ చేయలేదు.

ఖదానులో పనిచేసేవాళ్లకు సాయంత్రం పని దిగేటప్పుడు తలా ఒక బెల్లం ముక్క ఇస్తారు. బెల్లం తింటే గొంతులో, గుండెలో చేరిన దుమ్మంతా కిందికి దిగి కడుపులోంచి పోతుందని నమ్మకం. ఈ వైద్యం ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ సేటు దాన్ని ఎన్నడూ తప్పించలేదు. మూతికి కట్టుకునే మాస్కులు అడిగితే ఇంకో ముక్క బెల్లం పెట్టించేవాడు. వాళ్లు దాన్ని చప్పరిస్తూ, దగ్గుతూ మా దుకాణం ముందు నుంచే ఇళ్లకు పోయేవాళ్లు. మా పక్కింటి మామకు దుమ్ము దిగిందో లేదో గానీ షుగర్ మాత్రం వచ్చింది. ఇప్పుడాయన బెల్లం మానేశాడు, దగ్గు మానలేదు.

ఇక మా అమ్మ. సర్కారు బడిలో ముప్పై ఏళ్లు ఆయాగా పనిచేసింది. మేం చర్చికి పోయేవాళ్లం, వాకిట్లో ముగ్గు పెట్టం. కానీ తెల్లారేసరికి పేడనీళ్లు కలిపి సాన్పి చల్లని వాకిలి మా అమ్మ లెక్కలో వాకిలే కాదు. బడికి పై అధికారులు వస్తున్నారని కబురొస్తే పంతుళ్లు రిజిస్టర్లు సర్దుకునేవాళ్లు, అమ్మ మాత్రం బడినంతా కడిగేది. బెంచీలు తుడిచేది, నల్లబల్లలకు ఆకుపసరు రాసేది, దుమ్ము లేవకుండా ఆవరణంతా నీళ్లు చల్లేది. అధికారి లోపలికి వచ్చి మెచ్చుకోలుగా తలాడిస్తే ఆ రోజు ఆమెకు పండగ. తనిఖీకి పిల్లలకు ఎక్కాలు వచ్చాయా లేదా అన్నది ఆమె బాధ్యత కాదు కదా. శుభ్రం ఆమె బాధ్యత. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా మాట పడలేదని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

అలాంటి మనిషికి దేవుడు కంకర మిషనును పొరుగుగా ఇచ్చాడు. పొద్దున ఊడిస్తే పది గంటలకు మళ్లీ బూడిదరంగు పొర. మళ్లీ ఊడుస్తుంది. మధ్యాహ్నం తూటాలు పేలాక మళ్లీ. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీరలు బయట ఆరేస్తే పాడవుతాయని మంచం కింద ఆరేసేది. పింఛను తీసుకుని కూర్చుని తినాల్సిన మనిషి ఆ దుమ్ముతో పంతం పట్టి పోట్లాడింది. ఊడ్చినప్పుడల్లా లేచిన దుమ్మును తానే పీల్చింది. ఏడాదిన్నర తిరిగేసరికి గడప దాకా పోయి రావడానికి రెండు సార్లు ఆగాల్సి వచ్చేది. పడుకుంటే ఊపిరాడదని గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది.

బీదర్ తీసుకెళ్లి పెద్ద డాక్టరుకు చూపించాను. ఆయన ఛాతీ ఫోటో తీయించి, నోట్లో పెట్టుకుని పీల్చే పంపు ఒకటి రాసిచ్చి, ఇంకొన్నాళ్లు ఆ దుమ్ములోనే ఉంటే పంపు కూడా పనిచేయదని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. దుమ్ము నుంచి మనిషినన్నా తీసేయాలట, మనిషి దగ్గర నుంచి దుమ్మునన్నా తీసేయాలట. అదే వారం నా జిరాక్సు మిషను ఆగిపోతే మెకానిక్కు వచ్చి విప్పి చూసి అచ్చంగా ఇదే మాటన్నాడు. దాన్ని ఏసీ గదిలో పెట్టమన్నాడు. ఏసీ గది ఎక్కణ్నుంచి తేను? అప్పటినుంచి మిషను మీద తడిపి పిండిన దుప్పటి కప్పడం మొదలుపెట్టాను, పని లేనప్పుడల్లా. ఎంత వద్దన్నా వినక, ఆగుతూ ఆగుతూ మధ్యాహ్నం నాకు సద్ది తెచ్చే అమ్మకు కూడా నేర్పించాను. మిషను అన్నాక దుమ్ము పడితే చచ్చిపోతుంది, అది మన అన్నం గిన్నె, జాగ్రత్త అని పదిసార్లు చెప్పి ఉంటాను. నాకు బుద్ధులు చెప్పడమంటే మహా ఇష్టం.

అమ్మను తీసుకుని ఊరు వదిలి పోదామనుకున్నాను. బీదర్‌లో ఉన్న అన్న ఇంట్లో నాలుగు రోజులు పెట్టి చూశాం. మూడో అంతస్తు, వాకిలి లేదు, మెట్ల మీద నీళ్లు చల్లితే కింది వాళ్లు కొట్లాటకు వచ్చారు. ఐదో రోజు పొద్దున తానే బస్సెక్కి వచ్చేసింది. ఇక మిగిలింది రెండో దారి, మనిషి దగ్గర నుంచి దుమ్మును తీసేయడం. మిషను చుట్టూ రేకులు కట్టాలి, కంకర మోసే పట్టాల మీద నీళ్లు పడేలా పైపులు పెట్టాలి. సేటు పెట్టకపోతే పెట్టేలా ఆఫీసువాళ్లు చేయాలి. దానికి అర్జీ రాయాలి. అర్జీలు రాయడం నా వృత్తి. పింఛన్లు, రేషన్ కార్డులు, పహాణీలు, ఊళ్లో ఎవరికేం కావాలన్నా కన్నడంలో అర్జీ నా చేతి మీదే పోవాలి.

మొదటి అర్జీ నాలుగు పేజీలు రాశాను. చదివిన మా పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నాడు. అది దుమ్ము వల్ల కూడా అయి ఉండవచ్చు. నెల తిరిగాక అధికారులు వచ్చారు. ముందురోజే మిషను రిపేరుకు వచ్చింది. రోడ్డంతా ట్యాంకరుతో తడిపారు. ఎన్నడూ వినని పిట్టల కూతలు ఆ రోజు విన్నాం. అధికారులు గుట్ట దిక్కు చూసి, ఆకాశం దిక్కు చూసి, సేటు పెట్టిన మటన్ దిక్కు చూసి, ఫిర్యాదులో పస లేదని రాసుకుని పోయారు. వాళ్ల జీపు మలుపు తిరగకముందే మిషనుకు ప్రాణం వచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఈసారి వేరే దారి పట్టాను. బీదర్ ఆఫీసులో కొత్తగా వచ్చిన ఒక చిన్న వయసు మేడం ఉంది. నాలుగుసార్లు తిరిగి ఆమె ముందు కూర్చున్నాను. అమ్మ ఛాతీ ఫోటో చూపించాను. ఆమె గాలిని కొలిచే పెట్టెను చెప్పాపెట్టకుండా పంపుతానంది. సేటు దగ్గర కాదు, దుమ్ము వచ్చి పడే చోట, అంటే మా ఇంటి డాబా మీద పెడతారు. కరెంటు మాదే. అది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గాలిని లోపలికి పీలుస్తూ ఉంటుంది, లోపల పెట్టిన తెల్ల కాగితం మీద దుమ్ము పడుతుంది, ఆ కాగితాన్ని తూకం వేసి చూస్తారు. కాగితం నల్లబడితే సేటు మిషనుకు తాళం పడుతుందని, రేకులూ నీళ్లూ పెట్టాకే తాళం తీస్తారని ఆమె చెప్పింది. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పింది.

నేను ఎవరికీ చెప్పలేదు. ముందురోజు సాయంత్రం అమ్మకు మాత్రం చెప్పాను, అదీ సగమే. రేపు ఆఫీసు వాళ్లు తనిఖీకి వస్తున్నారు, డాబా మీద ఒక మిషను పెడతారు, ఊళ్లో అనకు, అన్నాను. ఎందుకో వివరించి ఉంటే సరిపోయేది. కానీ ఆ రోజు దుకాణంలో పంటబీమా కాగితాల రద్దీ, నాకు ఓపిక లేదు. ఆమె ఒక్కటే అడిగింది, ఎంతమంది వస్తున్నారని. ఇద్దరో ముగ్గురో అన్నాను. ఆమె తలాడించి పొయ్యి దిక్కు తిరిగింది.

మరునాడు జీపుకు దారి చూపడానికి మొదటి బస్సుకే బీదర్ పోయాను. జీపులో తిరిగి వచ్చేసరికి మా గల్లీ గల్లీలా లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా సాన్పి చల్లి ఉంది. మా ఇంటికి చుట్టాలొస్తున్నారని మాత్రమే అమ్మ చెప్పిందట, ఆడవాళ్లందరూ ఎవరి వాకిలి వాళ్లు తడిపి పెట్టారు. తడి నేల నుంచి దుమ్ము లేవదే అని దిగులుపడ్డాను. కానీ చైత్రం ఎండ, గంటలో ఆరిపోతుందిలే అనుకున్నాను. మేడం రాలేదు, పెట్టెతో పాటు ఒక టెక్నీషియన్ వచ్చాడు. సూట్‌కేసుకంటే కొంచెం పెద్ద ఇనప పెట్టె, పైన చిన్న గొడుగులాంటి మూత. అతను దాన్ని డాబా మీద పెట్టి, తెల్ల కాగితం బిగించి, మీట నొక్కాడు. పెట్టె గుర్రుమని గాలి పీల్చడం మొదలుపెట్టింది. అమ్మ పక్కనే నిలబడి దాన్ని చూస్తోంది. ఇద్దరి ఊపిరీ ఒకేలా వినిపించింది.

నాకు ఉన్న భయం ఒక్కటే, సేటుకు తెలిసి మిషను ఆపేస్తాడేమోనని. అందుకే పోయి నా దుకాణంలో కూర్చున్నాను. అక్కణ్నుంచి ఖదాను గేటు కనిపిస్తుంది. జీవితంలో మొదటిసారి ఆ మిషను ఆగకూడదని దేవుణ్ని ప్రార్థించాను. దేవుడు విన్నాడు. ఆ రోజు ఏదో పెద్ద రోడ్డు పని ఉన్నట్టుంది, మిషను ఒక్క నిమిషం ఆగలేదు. టిప్పర్లు బారులు కట్టాయి. మధ్యాహ్నం తూటాలు రెండు వరసలు పేలాయి. బూడిదరంగు దుమ్ము లేచి సరాసరి మా ఇంటి మీదికి పోతుంటే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. పో, ఇంకా పో అన్నాను దాన్ని. సద్ది తెచ్చే అమ్మ ఆ మధ్యాహ్నం రాలేదు. చుట్టాల వంటలో ఉందేమోలే అనుకుని ఒక బిస్కెట్ పొట్లం తిని ఊరుకున్నాను.

సాయంత్రం దుకాణం మూసి, గెలిచినదాన్నిలా నడుచుకుంటూ ఇంటికి పోయాను. డాబా మెట్ల మీద అడుగడుగునా తడి. పైకెక్కి చూస్తే గాలి పెట్టె కనిపించలేదు. దాని చోట ఒక బూడిదరంగు మూట ఉంది. ఆ మూటలోంచి గుర్రుమనే శబ్దం వస్తోంది. పక్కన బకెట్టు, చెంబు. బకెట్టు పక్కన గోడకు ఆనుకుని మా అమ్మ.

అది మూట కాదు, చీర. అమ్మ ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర. నాలుగు మడతలు వేసి, తడిపి, పిండి, పెట్టెకు పై నుంచి కింది దాకా సందు లేకుండా చుట్టింది.

నన్ను చూసి నవ్వింది. మాట్లాడాలని నోరు తెరిచి, రాక, చెయ్యెత్తి ఆగమంది. ఊపిరి అందాక చెప్పింది.

"ఒక్క రవ్వ దుమ్ము పడనియ్యలే బిడ్డా. పొద్దటిసంది గిడనే కూసున్న."

తర్వాత నాకు మొత్తం తెలిసింది. టెక్నీషియన్ పది గంటలకే కిందికి దిగాడు. అమ్మ పెట్టిన రొట్టె, కోడికూర కడుపునిండా తిన్నాడు. పెట్టెను జోపానంగా చూసుకోమ్మా అని చెప్పి, జీపులో పడుకున్నాడు. మిషనును దుమ్ము నుంచి ఎలా చూసుకోవాలో అమ్మకు తెలుసు. నేర్పించిన దాన్ని నేనే. ఎండకు చీర ఆరినప్పుడల్లా కిందికి దిగి బోరింగు కొట్టి నీళ్లు తెచ్చింది. గడప దాకా పోవడానికి రెండుసార్లు ఆగే మనిషి, పదమూడు మెట్లు, బకెట్టుతో, ఎన్నిసార్లు ఎక్కి దిగిందో ఆమెకే లెక్క లేదు. ఆ ఎండలో, ఆ దుమ్ములో, పెట్టె ఒక్కటే చల్లగా, శుభ్రంగా, రాణిగారిలా కూర్చుంది.

తిట్టడానికి నోటి దాకా వచ్చింది. ఆరు నెలల నా తిరుగుడు, నా తెలివి, నా నాలుగు పేజీల కన్నడం, అన్నీ ఆ చీరకే అంటుకున్నాయని అరవాలనిపించింది. కానీ ఆమె మెడ నరాలు ఒక్కొక్క ఊపిరికీ ఎగిరెగిరి పడుతున్నాయి. ముప్పై ఏళ్ల నుంచి నేను చూస్తున్న ఆ తనిఖీ రోజు నవ్వు ముఖం మీద అలాగే ఉంది. కిందికి పోయి పంపు తెచ్చి నోట్లో పెట్టాను.

టెక్నీషియన్ కళ్లు నులుముకుంటూ పైకి వచ్చాడు. అప్పటికే అమ్మ చీర విప్పి మడత పెట్టింది. అతను కాగితం తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. పొద్దున ఎలా పెట్టాడో అలాగే ఉంది. మా ఊరి గాలి బీదర్ గాలికంటే ఎంతో నయమని, రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకోవచ్చని అన్నాడు. నేను చీర సంగతి చెప్పాను. అతను చీరను చూశాడు, నన్ను చూశాడు, తాను తిన్న కోడికూర గుర్తొచ్చినట్టుంది, తన ఫారంలో చీరకు గడి లేదన్నాడు.

మేడంకు ఫోన్ చేశాను. ఆమె నిజంగానే బాధపడింది. కానీ కొలత ఒకసారి నమోదైతే నమోదైనట్టేనట. మళ్లీ కొలవాలంటే మళ్లీ అర్జీ, మళ్లీ వంతు. పెట్టెలు తక్కువ, ఊళ్లు ఎక్కువ, వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేనంది. కావాలంటే ఆ చీరను తూకం వేసుకోండి, నేను పంపిస్తాను, అన్నాను. చీరలు తూచే పద్ధతి తమ దగ్గర లేదని మెల్లగా చెప్పింది. మరునాడే రెండో అర్జీ పోస్టు చేశాను. వంతు ఇంకా రాలేదు.

కాగితం మాత్రం నెలలో వచ్చింది. ఒకటి సేటుకు, ఒకటి ఫిర్యాదు పెట్టినందుకు నాకు. సేటు స్వయంగా దుకాణానికి వచ్చి పది జిరాక్సులు తీయించుకున్నాడు. నా మీద కోపమేమీ లేదన్నట్టు ఒక కిలో బెల్లం ముద్ద కూడా ఇచ్చిపోయాడు. అన్ని కాపీల మీదా అడ్డంగా ఒక నల్ల చార పడింది. మిషను లోపల దుమ్ము చేరితే అలాగే పడుతుంది. ఆయన పట్టించుకోలేదు.

నా కాగితం బ్యాగులోనే దాచుకుని ఇంటికి పోయాను. దాచితే దాగుతుందా? ఊరంతా అప్పటికే చెప్పేసింది. అమ్మ మంచం మీద కూర్చుని ఆ తెల్లచీరను మళ్లీ ఉతికి మడత పెడుతోంది. నాలుగోసారి ఉతకడం అది, నడుమ మరక అలాగే ఉంది. ఏం రాశారో చదవమంది. కన్నడంలో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాను, మన ఇంటి దగ్గర గాలి మంచిగా ఉందని రాశారని. ముఖం వెలిగిపోయింది. బడిలో అధికారి మెచ్చుకున్న రోజుల్లో లాగే ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంటుందేమో అనుకున్నాను.

కాసేపటికి దగ్గు అందుకుంది. పంపు తీసి రెండుసార్లు పీల్చింది. తగ్గలేదు. సోమవారం బీదర్ పోయి డాక్టరుకు మళ్లీ చూపిద్దామన్నాను. వద్దని చెయ్యి ఊపింది. ఎందుకు వద్దో నాకు అర్థం కాలేదు. నిజం చెప్పేద్దామనుకున్నాను. చెప్తే ఆ రోజు ఆమె పడ్డ కష్టమంతా తప్పయిపోతుంది. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో వెతుక్కుంటూ ఉండగా, ఆమే చీర మడత మీద చెయ్యి పెట్టి, తప్పు ఒప్పుకునే పిల్లలా మెల్లగా అంది.

"గాలి మంచిగున్నదని సర్కారోళ్లే రాసిచ్చిరాయె. ఇగ కరాబున్నది నేనే గద బిడ్డా."